కుట్టుగదిలో కలిపిన వరసలు

మా అత్తయ్య నాకు అత్తయ్య కాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే మా ఆవిడ తరఫువాళ్ళు ఎవరైనా ఇది చదివి, ఈ రెండో అత్తగారు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని నన్ను నిలదీస్తారు. నేను వ్యాను నడిపే లాండ్రీలో ఆవిడ దర్జీ. ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు, డాక్టర్ల తెల్లకోట్లు ఉతికి పంపే లాండ్రీ మాది. ఉతికినవాటిలో చిరిగినవి ఏరి ఆవిడ గదిలోకి నెడతారు. ఆవిడ వాటికి మాసికలు వేసి, ఊడిన గుండీలు కుట్టి, తెగిన నాడాలు అతికించి బయటికి పంపుతుంది.

ఆ కుట్టుగదికి కిటికీ లేదు. ఒక మిషను, ఒక బల్ల, మేకుకు వేలాడే కత్తెర, మూడు కుర్చీలు. పనిచేసేది ఒక్క మనిషైతే మూడు కుర్చీలెందుకని మా సూపర్వైజరు ఒకసారి అడిగాడు. "చుట్టాలొస్తారు" అని చెప్పింది ఆవిడ, ఈ దేశంవాళ్ళ భాషలోనే. సొంత ఊరికి పోవాలంటే రెండు విమానాలు మారాల్సిన మనిషికి ఇక్కడ చుట్టాలెవరో అతనికి అంతుపట్టలేదు. తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఈ ఊళ్ళో మన భాష మాట్లాడేవాళ్ళు ఎక్కడో గానీ తగలరు. తగిలారా, అయిపోయారు. తెలుగు చెవిన పడితే మా అత్తయ్యకు కాలు నిలవదు. ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి తన వంతు కోసం కూర్చుందట. లోపల్నుంచి "చచ్చాన్రోయ్ దేవుడో" అని కేక వినబడింది. ఆవిడ లేచి, ఎవరూ పిలవకుండానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "ఏ ఊరు నాయనా మనది?" అని అడిగింది. ఆ మనిషి నోట్లో అప్పుడు పట్టకారు ఉంది. ఏం చెప్తాడు? అతను బయటికొచ్చేసరికి వయసు అంచనా వేసి, తమ్ముడి వరస ఖాయం చేసి కూర్చుంది. నోరు తిమ్మిరెక్కి ఉండటం వల్ల ఆ రోజు అతను కాదనలేకపోయాడు. తర్వాత కాదనబుద్ధి కాలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం "అక్కా" అంటూ ఫోను చేస్తాడు, ఇంట్లో ఏం వండారో చెప్తాడు.

"గారూ, అండీ అనేవి పరాయివాళ్ళకి. వరస పెట్టి పిలిస్తేనే మనిషి మనవాడవుతాడు" అంటుంది ఆవిడ. ఒకసారి వరస కలిపిందంటే ఇక తిరుగులేదు. మార్చదు, మార్చనివ్వదు.

నా సంగతీ అంతే. తొమ్మిదేళ్ళ కిందట, పనిలో చేరిన రెండోరోజు, బుట్ట బండి చక్రం నా కాలి బొటనవేలి మీదుగా పోయింది. నోటికొచ్చినవన్నీ తిట్టాను, తెలుగులో. కుట్టుగది తలుపు తెరుచుకుంది. "ఏం నాయనా, వేలు చితికిందా?" అందో గొంతు. పరాయి దేశంలో, పట్టపగలు, వేలి నొప్పికి తోడు ఆ మాట. "అవునత్తయ్యా" అన్నాను. ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలీదు. పిన్నీ అన్నా పోయేది, అక్కా అన్నా పోయేది. అల్లుడి హోదా దొరికింది కదా, మర్యాదలు జరుగుతాయేమోనని కొన్నాళ్ళు ఆశపడ్డాను. ఏం మర్యాదలు! "అల్లుడూ, ఈ మూట కాస్త వ్యానులో పడెయ్యి, అల్లుడూ, ఆ నూనె డబ్బా అందుకో." తొమ్మిదేళ్ళుగా ఇదే మర్యాద.

ఆ లాండ్రీలో నాకంటే ముందే ఆవిడకు దొరికినవాడు ఇంకొకడున్నాడు. ఇస్త్రీ అతను. దుప్పట్లు యంత్రంలో పెద్ద రోలరు కిందికి పోతాయి గానీ డాక్టర్ల కోట్లు మాత్రం చేత్తోనే ఇస్త్రీ చెయ్యాలి. కాలరు దగ్గర యంత్రానికి చేతకాదు, మా వాడికే చేతనవుతుంది. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే పని. ఆవిణ్ణి మొదటిరోజే పిన్నీ అన్నాడు. నాకు అత్తయ్య, అతనికి పిన్ని కాబట్టి మేమిద్దరం బావలమయ్యాం. మా ఇస్త్రీ బావ రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు "ఊఁ"లే ఉంటాయి. నలభై ఒకటి నిండినా పెళ్ళి కాలేదు. సంబంధాలు చూడ్డానికి వెళ్ళినచోటల్లా నోరు తెరవకపోవడంతో, ఒకరిద్దరు పిల్ల తండ్రులు మూగవాడేమోనని జాలిపడి పంపేశారట.

ఇక అసలు కథ. తొమ్మిది నెలల కిందట ఒక పొద్దున మడతల బల్ల దగ్గరికి ఒకామె కొత్తగా వచ్చింది. రోలరు కింద నుంచి వచ్చిన దుప్పటిని మడిచి, పదేసి లెక్కపెట్టి కట్టలు కట్టాలి. నేను బుట్టలు దించుతున్నాను. ఆమె తలొంచుకుని మెల్లగా లెక్క మొదలుపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు..."

మన వైపు ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆసుపత్రి దుప్పట్లలో ఎవరికేం లాభమో నాకు తెలీదు గానీ, ఆ మాట వినగానే కుట్టుగదిలో మిషను టక్కున ఆగిపోయింది. మెడలో కొలతల టేపు, పళ్ళమధ్య దారం, అలాగే పరుగెత్తుకొచ్చింది మా అత్తయ్య.

"ఎవరమ్మా నువ్వు, దుప్పట్లకి లాభం చెప్తున్నావు?"

ఆమె చేతిలో దుప్పటి జారి కిందపడింది. ఈ దేశం వచ్చి అయిదు నెలలైందట. అంతకుముందు ఒక హోటల్లో గదులు ఊడ్చేదట. ఫోనులో తప్ప ఎదురుగా ఉన్న మనిషితో తెలుగు మాట్లాడి అన్ని నెలలూ అయిందట. నవ్వబోయి ఏడ్చేసింది. "మా పిన్ని కూడా ఇలాగే మెళ్ళో టేపేసుకుని తిరిగేదండీ" అని, మా అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని, "పిన్నీ అననా?" అంది.

అడిగేదెవర్ని? ఆడపిల్ల కోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఒక్క మగపిల్లాడితో సరిపెట్టుకుని, వాళ్ళాయన పోయాక ఆ పిల్లాణ్ణి అన్నగారింట్లో వదిలి ఇక్కడికొచ్చిన మనిషిని. మా అత్తయ్య ముఖం వెలిగిపోయింది. వెంటనే ఆమె చెయ్యి పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఒరేయ్, ఇదిగో మన పిల్ల. నువ్వూ నన్ను పిన్నీ అంటావు, ఇదీ పిన్నీ అంది. కాబట్టి అమ్మాయ్, వీడు నీకు అన్నయ్య!"

"నమస్కారం అన్నయ్యా" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

మా బావ ఆమెను చూస్తూ ఉండిపోయాడు. చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి కాలరులోంచి పొగ లేచింది. పదకొండేళ్ళలో అతను కాల్చిన మొదటి కోటు అది. మా అత్తయ్య ఆ కోటు తీసుకుని, "ఎలా కాల్చావురా?" అని చీవాట్లు పెట్టి కాలరు మార్చి కుట్టింది. ఏ చిరుగు మేకుకు తగిలి పడిందో, ఏది మంచం కోడుకు పట్టుకుని పడిందో చూడగానే చెప్పగల మనిషి, ఈ కాలరు ఎందుకు కాలిందో మాత్రం కనిపెట్టలేకపోయింది.

నాకు మాత్రం ఆ రోజు లాభమే. ఆ వరసన మడతలమ్మాయి నాకు మరదలైంది. ముప్ఫైఆరేళ్ళ మనిషి, భర్త పోయి ఆరేళ్ళైన మనిషి, అమ్మాయేమిటని మీరడగొచ్చు. మా అత్తయ్య లెక్కలో అరవై దాటనివాళ్ళంతా పిల్లలే. ఆమె నన్ను "బావగారూ" అనేది. పరాయిదేశంలో ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో! నేను ఆ సంగతి ఇంట్లో రెండుసార్లు సంతోషంగా చెప్పాను. మూడోసారి చెప్పబోతే మా ఆవిడ గరిటె కిందపెట్టి నావైపు తిరిగింది. నాలుగోసారి చెప్పలేదు.

అలా నెలలు గడిచాయి. సాయంత్రాలు మా బావ నా వ్యానులోనే ఇంటికొస్తాడు. ఒకరోజు "బావా" అన్నాడు. "చెప్పు బావా" అన్నాను. "ఏం లేదు" అన్నాడు. ఇలా మూడు వారాలు జరిగింది. నా ఓపిక నశించి, చెప్తావా, దింపెయ్యనా అని ఒకచోట ఆపేశాను. అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"ఆ అమ్మాయి నన్ను అన్నయ్యా అనకుండా ఉండే మార్గం ఏదైనా ఉందా బావా?"

నాకు నవ్వాగలేదు. ఎప్పటికో తమాయించుకుని, "ఓరి పిచ్చివాడా, ఈ ఊళ్ళో అన్నయ్యంటే ఏమిటో ఎవడికి తెలుసు? వెళ్ళి అడిగెయ్, పెళ్ళి చేసుకుంటావా అని!" అన్నాను.

"నాకు తెలుసు కదా బావా" అన్నాడు.

చెల్లెలికి చెప్పినట్టు ఎనిమిది నెలలు "తిన్నావా అమ్మా, జాగ్రత్తమ్మా" అని చెప్పి, ఇవాళ అదే నోటితో ఆ మాట ఎలా అడుగుతాడు? మనలో పుట్టినవాడెవడికైనా నాలుక తిరగదు. వ్యాను స్టార్ట్ చేశాను.

ఇంతలో ఒక సోమవారం గోడ మీద నోటీసు పడింది. మా కంపెనీవాళ్ళు ఇంకో ఊళ్ళో కొత్త లాండ్రీ తెరుస్తున్నారట, రైల్లో పది గంటల దూరం. అక్కడ మడతల పని చూసుకోవడానికి మడతలమ్మాయిని ఎంచుకున్నారు. ఉద్యోగం పెద్దది. వెళ్తుందో లేదో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా చెప్పాలి.

ఆమె తిన్నగా ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను బుట్టల చాటున ఉన్నాను. చాటుగా వినాలని కాదు, బుట్టలు అక్కడే ఉన్నాయి, నా పనీ అక్కడే ఉంది.

"మీరేమంటారు? వెళ్ళమంటారా, ఉండమంటారా?"

మా బావ ఇస్త్రీపెట్టె అటూ ఇటూ జరిపాడు. చివరికి "వెళ్ళమ్మా, మంచి అవకాశం" అన్నాడు. పోయి రెండు తగిలిద్దామా అన్నంత కోపం వచ్చింది నాకు. ఆమె "సరే" అని వెళ్ళిపోయింది. ఆ పూట ఆమె కట్టిన కట్టల్లో మూడింట తొమ్మిదేసి దుప్పట్లే ఉన్నాయి. ఆసుపత్రివాళ్ళు నన్ను నానా మాటలూ అన్నారు.

ఇక లాభం లేదని మంగళవారం కుట్టుగదిలోకి వెళ్ళి తలుపేసి, ఉన్న సంగతి మా అత్తయ్యకు చెప్పేశాను. వాడికి ఆమె మీద మనసుందని, మీరు ఆ వరస కాస్త సడలిస్తే గానీ వాడు నోరు తెరవడని. ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"వరసంటే గుండీ అనుకున్నావా, ఇక్కడ ఊడబీకి అక్కడ కుట్టడానికి? ఇవాళ వీళ్ళకి మారుస్తాను, రేపు నువ్వొచ్చి నాకీ అల్లుడి వరస వద్దంటావు. అప్పుడు నాకు మిగిలేదెవరు?"

ఆవిడ మిషను తొక్కుతూనే చెప్పుకొచ్చింది.

"నేనొచ్చిన కొత్తలో రెండేళ్ళ నాలుగు నెలలు, నెలకోసారి మావాడి ఫోను తప్ప, ఒక్క తెలుగు ముక్క నా చెవిన పడలేదు. ఈ మిషనుతోనే మాట్లాడేదాన్ని. తిన్నావా అని అడిగేదాన్ని కూడాను. ఒకరోజు బస్టాపులో ఒకాయన గొడుగు తెరుచుకోక, దీని దుంపతెగ అన్నాడు. అబ్బ, ఎంత బావుందో ఆ తిట్టు! ఇద్దరం ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. బస్సొచ్చింది. వస్తానండీ అన్నాడు. మంచిదండీ అన్నాను. అంతే. ఆ తర్వాత నలభై రోజులు అదే వేళకి అదే స్టాపులో నించున్నా. మళ్ళీ కనబడలేదు. అండీ అన్నాను కాబట్టే పోయాడు అల్లుడూ. తమ్ముడూ అని ఉంటే, ఏ వీధిలో ఉంటాడో చెప్పకుండా పోయేవాడా? అప్పట్నుంచీ నేనెవర్నీ వదల్లేదు. వేసిన ముడి విప్పను."

నిజం చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి. అయినా ఊరుకోలేకపోయాను. "మరి మీ కూతురు రైలెక్కి వెళ్ళిపోతే?" అన్నాను.

"ఏముంది, పిన్నీ అని ఫోను చేస్తుంది" అంది. అనడమైతే అంది గానీ, సూది కుట్టు దాటి పక్కకు పోయింది. ఆవిడ చేతిలో కుట్టు వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు.

బుధవారం జరిగింది మాత్రం ఎవరి ప్రయత్నమూ కాదు. మడతలమ్మాయికి రెండు చేతులా దుప్పట్లున్నాయి. కుట్టుగది తలుపు తెరిచి ఉంది. ఆమె మా బావ వైపు చూసి, "ఏవండీ, ఆ బుట్ట ఇలా జరుపుతారా?" అంది. మా బావ "ఆఁ ఆఁ" అంటూ జరిపాడు. ఇదేమంత వింత కాదనిపించవచ్చు. కానీ మా ఇంట్లో పదహారేళ్ళుగా ఆ "ఏవండీ" వింటున్నవాణ్ణి నేను. అది ఎలా పలుకుతుందో నాకు తెలుసు. మా అత్తయ్యకూ తెలుసు. మిషను ఆగిపోయింది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అన్నయ్యని ఏవండీ అంటారటమ్మా ఎవరైనా?"

మడతలమ్మాయి ముఖం ఎర్రబడింది. తలవంచుకుని, చేతిలో ఉన్న దుప్పటి అంచు సవరిస్తూ చెప్పింది. "రెండు నెలల్నుంచి ఆ అన్నయ్యా అన్న మాట నోటికి రావట్లేదు పిన్నీ. ఇంకేమని పిలవాలో తెలీలేదు. అందుకని ఏవండీ అంటున్నా."

మా అత్తయ్య మా బావ వైపు చూసింది. అతను ఒకే కోటు చేతిని అటు తిప్పి ఇటు తిప్పి ఎన్నిసార్లు ఇస్త్రీ చేశాడో, అది కాగితంలా అయిపోయింది. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గంటసేపు మిషను చప్పుడు లేదు. మిషను పాడైందనుకుని మా సూపర్వైజరు మెకానిక్కుకు ఫోను కూడా చేశాడు.

గురువారం విరామంలో మా ముగ్గుర్నీ పిలిచింది. వాళ్ళిద్దర్నీ రెండు కుర్చీల్లో కూర్చోబెట్టి, మూడోదాంట్లో తను కూర్చుంది. అల్లుడు నిలబడ్డాడు, మామూలే.

"తప్పు నాదే. తొందరపడి కలిపాను" అంది. అది ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి. "ఇద్దరూ నన్ను పిన్నీ అనడంతో వచ్చింది ఈ చిక్కు. ఒకళ్ళు అత్తయ్యా అన్నారనుకో, అప్పుడు మీరిద్దరూ బావా మరదళ్ళవుతారు. ఏ పేచీ ఉండదు. ఒరేయ్, మగాడివి, నువ్వే మార్చుకో. ఏదీ, అను."

మా బావ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "పి..." అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "అత్త... అత్తయ్యా" అన్నాడు చెమటలు కక్కుతూ. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. గంట మోగింది. పనిలోకి పోతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "వస్తా పిన్నీ" అన్నాడు.

మా అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "అదిగో, మళ్ళీ అన్నయ్యవైపోయావు!"

ఆ రోజంతా కోట్ల కాలర్లకు చెప్పుకున్నాడు, అత్తయ్యా అత్తయ్యా అని. వ్యానులో దారి పొడుగునా నాకు చెప్పాడు. దిగేటప్పుడు నా చెవులు గింగురుమంటున్నాయి. శుక్రవారం పొద్దున్నే తిన్నగా కుట్టుగది గుమ్మంలో నిలబడి, గుండెల నిండా ఊపిరి తీసుకుని అన్నాడు.

"పిన్నీ, నాకిక వచ్చేసింది!"

పదకొండున్నరైంది. సూపర్వైజరు చేతిలో కాగితం పట్టుకుని మడతల బల్లల వైపు నడుస్తున్నాడు. మా అత్తయ్య గడియారం చూసింది, మా బావను చూసింది, మడతలమ్మాయి చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను. చిరిగిన గౌన్ల బుట్ట ఒకటి లోపల పెట్టాల్సి ఉంది మరి.

"వాడివల్ల కాదమ్మాయ్. నువ్వే మానుకో" అంది ఆవిడ.

"ఏం మానుకోను?"

"నన్ను పిన్నీ అనడం."

మడతలమ్మాయి తెల్లబోయి చూసింది. "అదొక్కటీ అడక్కు పిన్నీ. ఈ ఊళ్ళో నాకు మొదట దొరికింది నువ్వే. ఆ ఉద్యోగానికే వెళ్తాలే. దూరమైనా పిన్నీ అని పిలుచుకుంటా."

"పిచ్చిమొద్దూ! అత్తయ్యా అంటే నేనెక్కడికైనా పోతానా? అత్తయ్య ఇంటిమనిషి కాదా?" అని కసిరింది మా అత్తయ్య. కసురుతూనే ఆమె చెంపలు తుడిచింది. "అను. టైమైపోతోంది. నాకోసం అను."

బయట రోలరు ఒక్కటే మోగుతోంది. తర్వాత చిన్న గొంతుతో వినబడింది. "అత్తయ్యా."

మా అత్తయ్య బల్ల మీదున్న గౌను అందుకుని పళ్ళతో దారం తెంపబోయింది. అక్కడ దారం లేదు. అయినా కాసేపు అలాగే కొరుకుతూ కూర్చుని, తర్వాత లేచి గుమ్మంలోంచి ఒక్క కేక పెట్టింది. "ఒరేయ్! ఇదిగో మీ మరదలు. ఇక నీ నోరు, నీ ఇష్టం!"

అప్పటికి పన్నెండుకు పది నిమిషాలుంది. మా బావ ఇస్త్రీపెట్టె నిలబెట్టి పెట్టాడు. ప్లగ్గు పీకాడు. నడిచొచ్చి ఆమె ముందు నిలబడి, "వెళ్ళమ్..." అన్నాడు. అతను ఆ మాట మింగేసి, "వెళ్ళకు" అన్నాడు.

"ఎందుకు వెళ్ళకూడదో చెప్పండి" అంది ఆమె. పాపం, ఎనిమిది నెలలు ఓపికపట్టిన మనిషి, ఆ మాత్రం అడగదూ?

"పొద్దున్న నువ్వు లాభం అంటే గానీ నేను ప్లగ్గు పెట్టను" అన్నాడు మా బావ. "ఎనిమిది నెలల్నుంచి. నువ్వు రాని రెండు రోజులూ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలీలేదు. అలాగే నించున్నా."

అతని జీవితంలో అంత పొడుగు మాట అదే. ఆమె సూపర్వైజరు దగ్గరికి వెళ్ళి, రానని చెప్పేసింది. అంత పెద్ద ఉద్యోగం ఎందుకు కాదంటోందో అతనికి అర్థం కాలేదు. మూడు కుర్చీల సంగతే అర్థం కాని మనిషికి ఇదేం అర్థమవుతుంది?

అందరూ బాగుపడ్డారు, నేను తప్ప. ఆమె తిరిగొస్తూ నా పక్కన ఆగి, నవ్వుతూ, "కాస్త ఆ బుట్ట పట్టండి అన్నయ్యా" అంది.

బుట్ట నా చేతిలోంచి జారింది. అవును మరి. నాకూ అత్తయ్యే, ఆమెకూ అత్తయ్యే. అన్నా చెల్లెళ్ళమే అవుతాం. మా బావ మీద నుంచి లేచిన ఆ పిలుపు ఎక్కడో ఒకచోట వాలాలి కదా, వచ్చి నా నెత్తిన వాలింది. ఎనిమిది నెలల బావగారి వైభవం అలా ముగిసింది. ఈ వార్త విని మా ఆవిడ ఆ రాత్రి ఇంకో గరిటె కూర వేసింది.

నాలుగు వారాలకు పెళ్ళి ఆఫీసులో సంతకాలు. ఆడపెళ్ళివారి తరఫున అన్నయ్యగా నేను సాక్షిని. మగపెళ్ళివారి తరఫున మా అత్తయ్య. గుమాస్తా ఆవిణ్ణి పెళ్ళికొడుక్కి ఏమవుతారని అడిగాడు. చెప్పింది, రాసుకున్నాడు. పెళ్ళికూతురికేమవుతారన్నాడు. చెప్పింది, రాసుకున్నాడు. రెండుచోట్లా ఒకే మాట రాయడం చూసి ఆవిడ వేలుపెట్టి చూపించి, తప్పు రాశావంది. వాళ్ళ భాషలో పిన్నికైనా అత్తయ్యకైనా ఉన్నది ఒకటే మాటని నేను వివరించాను.

"ఒకటే మాటా?" అని ఆవిడ గుమాస్తా వైపు చాలా జాలిగా చూసింది. "పాపం, ఎలా బతుకుతున్నారో వీళ్ళు!"

సోమవారం అందరం పనిలోకి వచ్చాం. నేను కుట్టుగదిలో మూటలు కడుతున్నాను. బయట "లాభం, రెండు, మూడు" వినబడింది, ఇస్త్రీ బల్ల దగ్గర ప్లగ్గు చప్పుడైంది. కాసేపటికి పెళ్ళికూతురు నిలువునా చిరిగిన దుప్పటి ఒకటి పట్టుకుని హడావుడిగా తలుపు తోసుకొచ్చింది.

"పిన్నీ, ఇది చూడు, ఎలా చింపారో!"

మా అత్తయ్య తలెత్తింది. ఆ ముఖం ఎలా విప్పారిందో నేను చూశాను. మరుక్షణం కత్తెర బల్ల మీద కొట్టింది. "అత్తయ్యా అనవే! మీ ఆయన మళ్ళీ అన్నయ్యైపోతాడు!"

ఆమె నాలుక్కరుచుకుని, నవ్వి, "అత్తయ్యా అత్తయ్యా అత్తయ్యా" అని మూడుసార్లు చెప్పి, దుప్పటి పడేసి పారిపోయింది. నేను లేచి ఆమె వెనక తలుపు వెయ్యబోయాను. ఆవిడ దుప్పటి సూది కిందికి జరిపింది గానీ మిషను తొక్కలేదు.

"తలుపు తీసే ఉండనీ అల్లుడూ."

"మిషను మోత బయటికి వస్తుందని సూపర్వైజరు గొడవ చేస్తాడత్తయ్యా."

"చెయ్యనీ" అంది, గుమ్మం వైపే చూస్తూ. "దానికి నోరు జారుతూ ఉంటుంది. నాకు వినబడాలి కదా."